పాత కారుకు కొత్త చక్రములు

ఎడ్లబండి తోలువాడు ఊరు దాటక మునుపు ఒక్కసారి బండి చుట్టు తిరిగి కడచీలలు చూచుకొనెడివాడు. ఇరుసుపై తిరుగుచున్న చక్రము వెలుపలికి జారిపోకుండ అడ్డుపడునది ఆ చిన్న చీలయే. అది ఊడినచో బండి ఎంత గట్టిదైనను, ఎడ్లు ఎంత మేలైనవైనను ప్రయాణము అంతటితో సరి. మోటారు కారునకు కడచీల లేదు. దాని స్థానమున నాలుగో అయిదో నట్టులున్నవి. ఆ నట్టులు చేయునది కూడ కడచీల పనియేనని, చక్రము ఊడిపోకుండ అడ్డు నిలుచుటయే వాని విధియని చాలమంది తలంతురు. ఈ తలంపు సరికాదు. సరికాకుండుటయే కాదు, ప్రమాదకరము కూడ. అది ఏల ప్రమాదకరమో గ్రహించుటకు, పాతకాలపు కారునకు కొత్త మిశ్రలోహ చక్రములు తొడుగు పని కంటె చక్కని పాఠము మరియొకటి లేదు.

మినీ కథ

ఉదాహరణమునకు ఇంగ్లండులో పుట్టిన మినీ కారును తీసికొందము. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ దీనిని 1959 ఆగస్టు 26వ తేదీన లోకమునకు చూపినది. రూపకర్త అలెక్ ఇస్సిగోనిస్. 1906లో స్మిర్నా నగరమున, అనగా నేటి టర్కీలోని ఇజ్మీరున, జన్మించిన ఈయనయే 1948లో వెలువడిన మోరిస్ మైనరు కారునకును రూపకర్త. మన అంబాసిడరునకు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డు కూడ ఈ సంస్థ ఇంటిదే గనుక, మినీ మనకు దూరపు చుట్టమనియే చెప్పవచ్చును.

మొత్తము పది అడుగుల పొడవులో నలుగురు మనుష్యులు కూర్చుండవలెనన్నది ఇస్సిగోనిస్ పట్టుదల. చక్రములు పెద్దవైనచో వాని గూళ్లు లోపలి చోటును తినివేయును. అందుచే ఆయన 10 అంగుళముల చక్రములను కోరి చేయించెను. 2000 అక్టోబరులో ఉత్పత్తి ఆగిపోవు నాటికి మినీలు ఏబది లక్షలకు పైగా తయారైనవి. 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటికార్లో ర్యాలీని గెలిచినదియు ఈ చిట్టి కారే. ఆ దశకములో పందెపు మినీలు ఎనిమిది ఆకుల మినీలైటు చక్రములను తొడిగికొన్నవి. అవి మెగ్నీషియముతో పోత పోసినవి. వానిని చూచి ముచ్చటపడిన సామాన్య యజమానులు తమ కార్లకును అట్టివే కావలెననిరి. ఆ రూపమున అల్యూమినియపు చక్రములు నేటికిని తయారగుచున్నవి. పాత మినీలకు ఎక్కుచున్నవి.

ముచ్చట వెనుక కొంత శాస్త్రము కూడ లేకపోలేదు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరునకు 7.85 గ్రాములు; అల్యూమినియము 2.7, మెగ్నీషియము 1.74. చక్రము స్ప్రింగునకు దిగువనుండు బరువు. ఆ బరువు తగ్గిన కొలది గతుకులలో టైరు నేలను విడువక అంటియుండును. అయినను మిశ్రలోహమను పేరు విన్నంతనే తేలిక యని నమ్మరాదు. అల్యూమినియము ఉక్కంత బలము కలది కాదు గనుక దానిని దళసరిగా పోత పోయవలెను. 13 అంగుళముల అల్యూమినియపు చక్రము మినీతో మొదట వచ్చిన 10 అంగుళముల ఉక్కురేకు చక్రము కంటె బరువుగనే ఉండవచ్చును. మరియొక భేదము కూడ కలదు: గట్టిదెబ్బ తగిలినపుడు ఉక్కు చక్రము వంగును, పోత చక్రము పగులును. వంగినది కంటికి కనబడును. సన్నని పగులు కనబడదు.

నట్టు చేయు పని

ఎడ్లబండి చక్రము ఇరుసు మీద తిరుగును. కారు చక్రము అట్లు కాక, హబ్బునకు బిగింపబడి దానితో కలిసి తిరుగును. మినీ హబ్బు నుండి నాలుగు మర మేకులు, అనగా స్టడ్డులు, బయటికి వచ్చియుండును. చక్రమును వానికి తగిలించి నట్టులు బిగింతురు. చూచువారికి కారు బరువంతయు ఆ నాలుగు స్టడ్డులపై ఆనియున్నట్లు తోచును. నిజమునకు అట్లు ఆనరాదు. నట్టు బిగించినపుడు స్టడ్డు కంటికి కనరానంతగా సాగును. సాగిన స్టడ్డు తన పూర్వపు పొడవునకు కుదించుకొనబోవుచు చక్రమును హబ్బునకు అదిమిపట్టును. ఆ అదుము వలన రెండు లోహపు ముఖముల నడుమ ఘర్షణ పుట్టును. కారు బరువును, బ్రేకు వేసినప్పటి ఒత్తిడిని, మలుపులోని ఈడ్పును మోయునది ఆ ఘర్షణయే.

ఆ అదుము ఎంతటిదో విద్యార్థులు తామే లెక్కవేసికొనవచ్చును. మినీ స్టడ్డు వ్యాసము 3/8 అంగుళము, అనగా 9.5 మిల్లీమీటర్లు. ఉక్కు చక్రమునకు మరమ్మతు పుస్తకములు నిర్దేశించు బిగింపు 42 పౌండు-అడుగులు. సుమారు 57 న్యూటన్-మీటర్లు. పొడి మరకు ఇంజనీర్లు వాడు స్థూల సూత్రమేమనగా, ఈ బిగింపును స్టడ్డు వ్యాసముచేతను, 0.2 అను గుణకముచేతను భాగించినచో అదుముబలము వచ్చును. 57ను 0.0095చే భాగించి, వచ్చినదానిని మరల 0.2చే భాగించుడు. ఫలము 30,000 న్యూటన్లు, అనగా 3 టన్నుల బరువు. నాలుగు నట్టులు కలిసి చక్రమును 12 టన్నుల బలముతో అదిమిపట్టుచున్నవన్నమాట! తొలినాటి మినీ మొత్తము బరువు 650 కిలోలకు లోపే. ఘర్షణ గుణకము 0.15 మాత్రమే యనుకొన్నను, చక్రము జారకుండ పట్టియుంచు శక్తి దాదాపు 1.8 టన్నులు. స్టడ్డుపై అడ్డముగా బరువు పడవలసిన అవసరమే రాదు.

ఈ అదుము తగ్గినపుడు ఏమగును? ఘర్షణ చాలక చక్రము హబ్బుపై వెంట్రుకవాసి కదలుట ప్రారంభించును. అప్పుడు ప్రతి చుట్టులోను స్టడ్డు అటునిటు వంగును. 10 అంగుళముల చక్రము టైరుతో కలిసి సుమారు 486 మిల్లీమీటర్ల వ్యాసము కలది. దాని చుట్టుకొలత ఒకటిన్నర మీటరు. కిలోమీటరునకు ఇంచుమించు 650 చుట్లు. 80 కిలోమీటర్ల ప్రయాణములో స్టడ్డు ఏబది వేల పర్యాయములు వంగును. ఇనుప తీగను చేతితో అటునిటు వంచి త్రుంచిన బాలునకు ఈ స్టడ్డు గతి వేరుగ చెప్పనక్కరలేదు. ఒకటి తెగిన పిమ్మట మిగిలిన మూడింటిపై భారము పెరుగును. తెగిన చక్రము కారును విడిచి పరుగెత్తునపుడు దాని దారిలో ఎవరుందురో ఎవరును చెప్పలేరు.

కావున కొత్త చక్రము తొడుగువాడు వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ చక్రము హబ్బునకు నిండుగా, సమముగా అదుముకొనునా? ఇక చెప్పబోవు జాగ్రత్తలన్నియు ఈ ప్రశ్న నుండి పుట్టినవే.

1.6 మిల్లీమీటర్ల తేడా

మినీ స్టడ్డులు నాలుగును ఒక వృత్తముపై నిలిచియుండును. ఆ వృత్తపు వ్యాసము సరిగా 4 అంగుళములు, అనగా 101.6 మిల్లీమీటర్లు. తరువాతి కాలపు కార్లలో అనేకమునకు, తొలి తరము వోక్స్‌వాగన్ గోల్ఫునకు, పలు హోండా సివిక్‌లకు, ఈ కొలత 100 మిల్లీమీటర్లు. అట్టి చక్రములు సంతలో విరివిగా, చవుకగా దొరకును. తేడా 1.6 మిల్లీమీటర్లే గదా! రంధ్రములు కొంచెము వదులుగా ఉండును, స్టడ్డులు దూరును, నట్టులు ఎక్కును, పానా గట్టిగా తిరుగును. చక్రము పట్టినట్లే కనిపించును.

కాని పట్టినట్లు కనిపించుట వేరు, పట్టుట వేరు. ప్రతి స్టడ్డు తన స్థానము నుండి 0.8 మిల్లీమీటరు లోపలికి వంగవలసి వచ్చును. నట్టు ముఖము రంధ్రపు అంచున ఒక ప్రక్కనే ఆనును. పానా చేతికి తెలియు బిగువు చక్రమును అదుముటకు గాక స్టడ్డును వంచుటకు ఖర్చగుచున్నది. వంగిన స్టడ్డు బయలుదేరక మునుపే అలసినది.

నాలుగు రంధ్రముల చక్రమునకు ఈ కొలత తీయుట సులభము: ఎదురెదురు రంధ్రముల కేంద్రముల నడిమి దూరమే వ్యాసము. అయిదు రంధ్రములున్నచో ఎదురెదురు జత ఉండదు. అప్పుడు ప్రక్కప్రక్క రంధ్రముల కేంద్రముల నడిమి దూరమును కొలిచి, దానిని 36 డిగ్రీల సైను విలువయగు 0.588చే భాగించవలెను. బడిలో నేర్చిన త్రికోణమితి వీధిలో నిలిచియున్న కారునకు పనికివచ్చు చోటు ఇది. అమ్మువాని మాట కంటె ఈ కొలత నమ్మదగినది.

నట్టునకు తగిన పీఠము

నట్టు చక్రమును తాకు చోటును పీఠమనుకొందము. పీఠములు పలు విధములు. ఉక్కు చక్రమునకు సాధారణముగా నట్టు కొన శంకువు ఆకారమున ఉండి, అట్టి గుంటలోనే కూర్చుండి చక్రమును నడిమికి తెచ్చును. కొన్ని కార్లకు ఈ పీఠము గోళాకారమున ఉండును. మినీలైటు తరహా చక్రములలో కొన్నింటికి నట్టునకు గొట్టము వంటి మెడ ఉండును. మెడ రంధ్రములో దిగును. పైన చదునైన వాషరు ఆనును. ఒక తరహా పీఠములో మరియొక తరహా నట్టును బిగించినచో గీత వంటి సన్నని అంచున మాత్రమే తాకుడు ఉండును. మెత్తని అల్యూమినియము ఆ అంచున నలిగిపోవును, నలిగిన మేరకు స్టడ్డు సాగుడు తగ్గును, అదుము పోవును. కావున చక్రముతోపాటు దానికై చేసిన నట్టులనే తీసికొనవలెను. సామాను పెట్టెలోని అదనపు చక్రము పాత ఉక్కుదేయైనచో, దాని పాత నట్టులు నాలుగు కూడ ఒక సంచిలో వేసి ఆ ప్రక్కనే ఉంచవలెను. నడిరాత్రి దారిలో టైరు దిగిపోయినపుడు కొత్త నట్టు పాత చక్రమునకు పనికిరాకపోవచ్చును.

పోత చక్రము నడుమ దళసరి గనుక స్టడ్డు పొడవు చాలకపోవుటయు కద్దు. కనీసము స్టడ్డు వ్యాసమంత లోతు మర పట్టవలెనన్నది వాడుక నియమము. మినీ స్టడ్డునకు అంగుళమునకు 24 చుట్ల మర ఉన్నది. 3/8 అంగుళమునకు 9 చుట్లు. అనగా మర పట్టినది మొదలు నట్టు బిగుసుకొను లోపల కనీసము తొమ్మిది నిండు చుట్లు తిరుగవలెను. నాలుగైదు చుట్లకే బిగిసినచో ఆగి, పొడవైన స్టడ్డులు వేయించుకొనవలెను. మూతగల అందమైన నట్టులతో దీనికి విరుద్ధమైన ప్రమాదము కలదు: పొడవైన స్టడ్డు కొన నట్టు లోపలి మూతను తాకి ఆగిపోవును. చేతికి బిగువు తెలియును గాని చక్రమునకు అదుము చేరియుండదు. నట్టు లోతును, చక్రము వెలుపలికి వచ్చిన స్టడ్డు పొడవును ముందే కొలిచి చూచుట దీనికి మందు.

ఏబది అరువది ఏండ్లు వాడిన స్టడ్డుల చరిత్ర ఎవరికిని తెలియదు. ఎవరెంత బలముగా బిగించిరో, ఎన్ని పర్యాయములు మర తప్పించి ఎక్కించిరో! కొత్త చక్రములతోపాటు కొత్త స్టడ్డులు వేయించుట దుబారా కాదు.

చక్రపు గూటిలో చోటు

వెడల్పైన చక్రము చూపునకు ఠీవిగా ఉండును. కాని చక్రపు నడిమి రేఖ హబ్బు నుండి వెలుపలికి జరిగిన కొలది తులాదండపు చేయి పొడుగైనట్లే. అదే బరువు బేరింగులపై ఎక్కువ మెలిపెట్టును. బ్రేకు వేసినపుడు స్టీరింగు చేతిని ఈడ్చును. లోపలికి జరిగినచో టైరు లోపలి భాగములకు రాచుకొనును. మినీకి 5 అంగుళములు, అంతకు మించిన వెడల్పు గల చక్రములు తొడిగినపుడు గూటి అంచులకు రెక్కలు అతికించుట పరిపాటి.

బ్రేకులకును చోటు కావలెను. 1963 నాటి కూపర్ ఎస్ డిస్కు వ్యాసము 7.5 అంగుళములు, అది 10 అంగుళముల చక్రములో ఇముడును. 1984లో మినీలన్నింటికి 8.4 అంగుళముల డిస్కులు వచ్చినపుడు చక్రములు 12 అంగుళములకు పెరిగినవి. పాత చిన్న చక్రములను ఆ కారునకు తొడుగబోవుట వ్యర్థము. సందు ఎంతయో తెలియనిచో బ్రేకుపై మెత్తని మట్టిముద్ద అంటించి, టైరు లేని చక్రమును తగిలించి, చేతితో మెల్లగా ఒక చుట్టు త్రిప్పి తీయవలెను. ముద్దపై మిగిలిన మందమే సందు.

టైరు కొలత కూడ లెక్కకు అందునదే. 145/80 టైరును 10 అంగుళముల చక్రముపై ఎక్కించినచో వ్యాసము 486 మిల్లీమీటర్లు. 165/70 టైరునకు 485. కావున ఈ మార్పుతో వేగమాపకము చెడదు. అదే కారునకు 13 అంగుళముల చక్రము, 175/50 టైరు తొడిగినచో వ్యాసము 505 అగును. వేగమాపకము గంటకు 60 అని చూపినపుడు కారు 62కు మించి పోవుచుండును. కొత్త టైరు తొడిగిన పిదప స్టీరింగును ఇరువైపుల చివరి వరకు త్రిప్పియు, కారులో నిండ మనుష్యులను కూర్చుండబెట్టియు, ఎక్కడను రాచుకొనలేదని చూడవలెను. ఖాళీ కారులో తగలని టైరు నిండిన కారులో తగులును.

బిగించు పద్ధతి

హబ్బు ముఖమున పాత తుప్పు, ఎండిన రంగు, ఇసుక ఉన్నచో తీగబ్రష్షుతో గీకి తుడువవలెను. డ్రమ్మును పట్టియుంచు చిన్న మరల తలలు ముఖము కంటె పైకి లేచియుండరాదు. ఒక్క తల లేచియున్నను చక్రము సమముగా ఆనదు. చక్రపు పీఠములలో దళసరి రంగు పేరుకొని యున్నచో అది బరువునకు నలిగి, బిగింపు వదులగును. అల్యూమినియము, ఉక్కు తడిలో కలిసియున్నచో అతుకుకొనిపోవును గనుక నడిమి రంధ్రపు అంచున పలుచగా గ్రీజు రాయవచ్చును. మరలకు, పీఠములకు మాత్రము చక్రము చేసినవారు చెప్పిననే తప్ప చమురు తగులనీయరాదు. కారణము మన సూత్రములోనే ఉన్నది. చమురు వలన గుణకము 0.2 నుండి 0.15కు తగ్గినచో అదే 57 న్యూటన్-మీటర్ల బిగింపు 3 టన్నులకు బదులు 4 టన్నుల సాగుడు కలిగించును. స్టడ్డు తన హద్దు దాటి సాగినచో తిరిగి కుదించుకొనదు.

నట్టులను మొదట వ్రేళ్లతోనే ఎక్కించవలెను. పిమ్మట ఒకదాని తరువాత దాని ఎదుటిది, ఆపై మిగిలిన జత, ఈ వరుసలో కొద్దికొద్దిగా బిగించవలెను. వరుసగా చుట్టు తిరిగి బిగించినచో చక్రము ఒక వైపు ఒరిగి నిలుచును. కారును జాకీ మీది నుండి దించిన తరువాత కొలత గల టార్కు పానాతో చివరి బిగింపు ఇవ్వవలెను. ఆ అంకె ఎంత? అది చక్రము, నట్టులు చేసినవారు ఇచ్చిన అంకెయే కావలెను. ఉక్కు చక్రపు అంకె మిశ్రలోహ చక్రమునకు సరిపోవునని ఊహింపరాదు. గాలి యంత్రముతో చెవులు చిల్లులు పడునట్లు బిగించుట బలమునకు గుర్తు కాదు. ఎంత బిగిసినదో ఎవరికిని తెలియదనుటకు గుర్తు. బిగించు శ్రమలో పదింట తొమ్మిది వంతులు నట్టు పీఠమునందును మరయందును ఘర్షణకే ఖర్చగును. స్టడ్డును సాగదీయునది పదింట ఒక వంతు మాత్రమే. అందుచేతనే శుభ్రతలో కొద్దిపాటి తేడా అదుములో పెద్ద తేడాగ పరిణమించును.

ఎవరు చూడవలెను?

కొత్త చక్రమును కొనునప్పుడు అది ఏ పరీక్షకు నిలిచినదో దాని వెనుక పోతలోనే గుర్తు ఉండును. జపాను ప్రమాణమునకు జె.డబ్ల్యు.ఎల్. అనియు, జర్మనీ అనుమతికి కె.బి.ఎ. సంఖ్య అనియు గుర్తులు. మోయగల బరువు కూడ అచ్చట చూడవలెను. 1960లనాటి అసలు మెగ్నీషియపు చక్రము దొరికినచో సంతోషమే. కాని మెగ్నీషియము తుప్పునకు సులభముగా లొంగును. రంగు వేసి పగులు బయటపెట్టు పరీక్ష జరిపింపక దానిని రోడ్డెక్కించుట కంటె గోడకు అలంకారముగ ఉంచుట మేలు.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నమోదు పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. కావున మార్పునకు ముందే రవాణా కార్యాలయమున విచారించుట వివేకము. బ్రిటనులో 2018 మే నుండి, నలుబది యేండ్లు నిండి, పెద్ద మార్పులు జరుగని కార్లకు వార్షిక తనిఖీ తప్పనిసరి కాదు. మినహాయింపు తనిఖీకే గాని బాధ్యతకు కాదు. కారు రోడ్డుపై తిరుగదగిన స్థితిలో ఉండవలెనన్న నియమము అక్కడ చెక్కుచెదరలేదు. చక్రములు మార్చిన సంగతి బీమా సంస్థకు తెలుపవలసిన బాధ్యతయు యజమానిదే. తనిఖీ చేయువాడు లేనిచోట యజమానియే తనిఖీదారుడు.

ఆ తనిఖీలో కడపటి మెట్టు అన్నింటికంటె సులభము, అన్నింటికంటె ఎక్కువగా మరువబడునది. కొత్త చక్రములతో 80 కిలోమీటర్లు నడిచిన తరువాత, లోహములు చల్లారనిచ్చి, టార్కు పానాతో నట్టులన్నియు మరల చూడవలెను. అల్యూమినియము వేడికి ఉక్కుకంటె దాదాపు రెండింతలు వ్యాకోచించును. బ్రేకుల వేడికి చక్రము ఉబ్బి, చల్లారి, పీఠములు సర్దుకొను కాలమది. సర్దుకొన్న నట్టు ఒక్కొక్కటి పావు చుట్టు లోపలికి తిరుగవచ్చును. తిరిగినచో బిగించి, మరి 80 కిలోమీటర్ల పిమ్మట మరల చూడవలెను. ఏ నట్టును కదలనినాడు చక్రము నిజముగా పట్టినదని చెప్పవచ్చును. పదహారు నట్టులు చూచుటకు పది నిముషములు చాలును.